మొగ్గ కదలక ముందే

అమెరికాలోని బోస్టన్ నగరంలో ఆర్నాల్డ్ ఆర్బొరీటమ్ అనే పెద్ద వృక్షోద్యానం ఉంది. 1912–13లో జపాన్‌లో అమెరికా రాయబారిగా పనిచేసిన లార్జ్ ఆండర్సన్, యొకోహామా నర్సరీలో కొని ఓడ మీద తెచ్చుకున్న బోన్సాయ్ చెట్లు 1937లో ఆయన భార్య ఇసబెల్ చేతుల మీదుగా అక్కడికి చేరాయి. వాటిలో ఉన్న హినోకి సైప్రస్‌లలో కొన్నిటికి రెండు వందల ఏళ్లు దాటాయి. ఏటా నవంబరు మొదట్లో ఈ చెట్లను కాంక్రీటు దిమ్మెలతో కట్టిన గదిలోకి చేరుస్తారు. మళ్లీ బయటికి తెచ్చేది ఏప్రిల్ నడుమ. ఆ ఐదున్నర నెలలూ గదిలో ఉష్ణోగ్రత సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే పైన ఉండేలా కాపలా కాస్తారు.

చలి నుంచి కాపాడాలంటే గదిని ఇంకాస్త వెచ్చగా ఉంచవచ్చు కదా అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. ఫిబ్రవరి చివర్లో గది వెచ్చబడితే చెట్టు వసంతం వచ్చేసిందనుకుని మొగ్గ విప్పడం మొదలుపెడుతుంది. బయట ఇంకా నెలన్నర చలి మిగిలే ఉంటుంది. అలా ముందే మేల్కొన్న చెట్టును బయట పెట్టలేరు, చీకటి గదిలో ఉంచనూ లేరు. బోన్సాయ్‌ని వసంతారంభంలో క్షేమంగా బయటికి చేర్చడం ఎలా అన్న ప్రశ్నకు సగం జవాబు చలికాలంలోనే ఉందని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే.

హైదరాబాదులోనో విశాఖలోనో డాబా మీద మర్రి, రావి, జువ్వి, కాగితపు పూల బోన్సాయ్‌లు పెంచేవారికి ఈ బాధ లేదు. అవి ఏడాది పొడుగునా ఆరుబయటే ఉంటాయి. అక్కడ భయం మే నెల ఎండకు, కుండీలో మట్టి కాగిపోవడానికి. న్యూజెర్సీ, షికాగో, టొరంటో, లండన్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు ఇళ్లలో మాత్రం మార్చి వచ్చేసరికి ఈ ప్రశ్న తప్పదు. గరాజులో ఒక జపనీస్ మేపుల్, కిటికీ పక్కన ఒక ఫైకస్, దాని పక్కనే ఇంటి నుంచి విత్తనం తెచ్చి మొలిపించినంత ప్రేమగా చూసుకునే కరివేపాకు కుండీ ఉంటాయి. మూడింటినీ ఏ తేదీన బయట పెట్టాలని అడుగుతారు. మూడింటికీ ఒకే తేదీ చెప్పగలిగినవారు ఎవరూ లేరు, చెప్పినా నమ్మకూడదు.

ఎందుకంటే ఆ మూడూ చలికాలాన్ని మూడు రకాలుగా గడిపాయి. మేపుల్, ఎల్మ్, లార్చ్ వంటి ఆకురాల్చే చెట్లకు చలి ఒక అవసరం. శరదృతువులో పొద్దు తగ్గి చలి పెరుగుతుంటే అవి లోపలినుంచే పెరుగుదల ఆపేస్తాయి. ఆ తర్వాత కొన్ని వందల గంటల పాటు సున్నా నుంచి ఏడెనిమిది డిగ్రీల మధ్య చలి అనుభవిస్తే గానీ మొగ్గ మీది ఆ కట్టుబాటు వీడదు. అది వీడాక చెట్టును ఆపేది బయటి చలి ఒక్కటే. అంటే జనవరి, ఫిబ్రవరి నాటికి మేపుల్ పైకి నిద్రపోతున్నట్టే ఉన్నా లోపల సిద్ధంగా ఉంటుంది, నాలుగు వెచ్చని రోజులు దొరికితే చాలు లేస్తుంది. జునిపర్, పైన్ వంటి సూదాకుల చెట్లు ఆకు రాల్చకుండానే నెమ్మదిస్తాయి. జునిపర్ చలికి గోధుమ, ఊదా రంగులోకి మారడం చూసి కొత్తవారు చెట్టు చచ్చిందనుకుంటారు. అది ఎండ తాకిడి నుంచి తన ఆకును తాను కాపాడుకునే పద్ధతి, వెచ్చబడితే పచ్చదనం తిరిగి వస్తుంది. ఇక ఫైకస్, కరివేపాకు ఉష్ణమండలపు చెట్లు. వాటికి నిద్ర అక్కర్లేదు. పది డిగ్రీల లోపు చలే వాటికి దెబ్బ.

మొదటి రెండు రకాలనూ చలి ఏం చేస్తుందో అర్థం కావాలంటే ముందు వేళ్లను చూడాలి. చెట్టు చలిని ఎంత తట్టుకుంటుందో పుస్తకాల్లో, నర్సరీ చీటీల మీద రాసేది కొమ్మల గురించి. వేళ్లు కొమ్మలంత గట్టివి కావు. నేలలో పెరిగే చెట్టుకు ఆ తేడా ఎప్పుడూ బయటపడదు, ఎందుకంటే పైన మైనస్ 20 ఉన్నా అడుగు లోతున మట్టి సున్నాకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. కుండీలో ఆ రక్షణ లేదు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ హేవిస్ 1976లో ప్రచురించిన కొలతలు ఈ రంగంలో ఇప్పటికీ ఆధారంగా వాడుతున్నారు. సాసర్ మాగ్నోలియా వేళ్లు సుమారు మైనస్ 5 డిగ్రీల దగ్గరే చచ్చిపోతాయని, తెల్ల స్ప్రూస్ వేళ్లు మైనస్ 23 దాకా నిలుస్తాయని ఆయన చూపించారు. జపనీస్ మేపుల్ కొమ్మలు మైనస్ 28 దాకా ఓర్చుకునే చోట కూడా దాని వేళ్లకు హద్దు మైనస్ 10 దగ్గర ఉంటుంది. పైగా ఇవి ముదురు వేళ్ల లెక్కలు. వసంతంలో కొత్తగా సాగే తెల్లటి లేత వేళ్లు వాటికంటే ఎంతో ముందే చనిపోతాయి.

బోన్సాయ్ కుండీ రూపం ఈ కష్టాన్ని ఇంకా పెంచుతుంది. లోతు తక్కువ, వైశాల్యం ఎక్కువ. కప్పులో టీ కన్నా సాసర్‌లో పోసిన టీ ముందు చల్లారినట్టే, రెండంగుళాల లోతున్న కుండీలోని మట్టి గాలితో పాటే చల్లబడుతుంది. పైనుంచి, పక్కలనుంచి, బల్ల మీద ఉంటే కిందనుంచి కూడా వేడి పోతుంది. అదే కుండీని రాత్రికి నేల మీదికి దించితే కింది మట్టి తన వెచ్చదనం కొంత ఇస్తుంది. ఖర్చు లేని ఈ చిన్న పని చాలా చెట్లను నిలబెట్టింది. ట్రైడెంట్ మేపుల్ విషయంలో ఇది మరీ ముఖ్యం. దాని వేళ్లు కండపట్టి నీటితో నిండి ఉంటాయి, గడ్డకడితే చితికిపోతాయి. అందుకే అన్ని మేపుల్‌లనూ ఒకే గాటన కట్టడం తప్పు.

వేళ్ల తర్వాత మొగ్గ. ఇక్కడ బోన్సాయ్ పెంచేవారికి గట్టి లెక్కలు అందించింది పండ్ల తోటల శాస్త్రం. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం వారి పట్టికలు ఆపిల్ రైతులకు బాగా తెలిసినవే. మొగ్గ కొన వెండి రంగులో కనిపించే తొలి దశలో పదింట ఒక మొగ్గ చావడానికి సుమారు మైనస్ 9 డిగ్రీల చలి కావాలి. పువ్వు పూర్తిగా విచ్చిన దశలో దానికి మైనస్ 2 చాలు, మైనస్ 4కు దిగితే నూటికి తొంభై పోతాయి. చెట్టు అదే, తోట అదే, మధ్యలో గడిచింది కొన్ని వారాలే. ఆ కొన్ని వారాల్లో చెట్టు తన ఓర్పులో చాలా భాగాన్ని వదిలేసుకుంది. బోన్సాయ్‌గా పెంచే ప్రతి జాతికీ ఇలాంటి పట్టిక లేదు గానీ, ఆకురాల్చే చెట్లన్నిటిలో దిశ ఒకటే. మొగ్గ బిగిసి ఉన్నప్పుడు ఎంతో చలి తట్టుకునే మేపుల్, ఆకు విప్పాక సున్నాకు రెండు డిగ్రీల కింద నల్లబడిపోతుంది. ఇంకో సంగతి, చలికి ఓర్చుకునే శక్తిని కూడగట్టుకోవడానికి చెట్టుకు శరదృతువులో వారాలు పడుతుంది, పోగొట్టుకోవడానికి కొన్ని వెచ్చని రోజులు సరిపోతాయి. పోయినదాన్ని మళ్లీ పూర్తిగా తెచ్చుకోవడం కూడా ఆకు విప్పిన చెట్టు వల్ల కాదు.

కాబట్టి ఈ వ్యాసం వాదన సూటిగా ఇది: ఆకురాల్చే చెట్టును, సూదాకుల చెట్టును చలి పూర్తిగా పోయేదాకా లోపల దాచి, ఆకు వేశాక బయటికి తేవడం కంటే, మొగ్గ ఇంకా బిగిసి ఉండగానే తొలి వసంతపు చల్లదనంలోకి తెచ్చేయడమే క్షేమం. బయట చల్లగా ఉన్నంతకాలం అది బయటి లెక్క ప్రకారమే మేల్కొంటుంది. పక్కనున్న నేలలోని చెట్లకంటే ముందుకు పరుగెత్తదు. ఉదయం సున్నా దగ్గర, మధ్యాహ్నం ఎనిమిది పది డిగ్రీలు ఉండే వాతావరణం బిగిసిన మొగ్గకు హాయిగా ఉంటుంది. వేళ్ల హద్దు దాటే చలి వచ్చే రాత్రుల్లో మాత్రమే రక్షణ కావాలి.

దీనికి ఎదురు వాదం లేకపోలేదు. చాలామంది ఇళ్లలో కాంక్రీటు గది ఉండదు, ఉండేది గరాజు. ఇంటికి అతుక్కుని ఉన్న గరాజు మార్చి వచ్చేసరికి పన్నెండు డిగ్రీలకు చేరుతుంది. అక్కడి మేపుల్ అప్పటికే మొగ్గ విప్పి ఉంటుంది. అలాంటి చెట్టు యజమానికి మిగిలిన దారి ఒక్కటే. పగలు బయట పెట్టడం, రాత్రి గడ్డకడుతుందంటే లోపలికి మోయడం. అమెరికాలో బోన్సాయ్ పెంచేవారు దీన్ని ‘బోన్సాయ్ షఫుల్’ అంటారు. ఐదారు చెట్లున్నవారు చేయగలరు. ముప్పై చెట్లున్నవారికి నడుము విరుగుతుంది, ఏదో ఒక రాత్రి మరచిపోతారు. పైగా లోపలి గది ఇరవై డిగ్రీల వెచ్చదనంలో ఉంటే రాత్రంతా పెరుగుదల సాగుతూనే ఉంటుంది, చిగురు పొడుగ్గా, పలచగా సాగుతుంది. రాత్రి లోపలికి తేవాల్సివస్తే ఐదు డిగ్రీల దగ్గర ఉండే వేడిలేని చోటికే తేవాలి, హీటరున్న హాల్లోకి కాదు.

వెలుగు సంగతి చాలామంది మరచిపోతారు. ఆకు లేని మేపుల్ ఐదు డిగ్రీల లోపు చలిలో నిద్రపోతున్నంతకాలం చీకట్లో ఉన్నా నష్టం లేదు. మొగ్గ విచ్చిన రోజు నుంచి లెక్క మారిపోతుంది. వెలుగు చాలని చోట విచ్చుకున్న చిగురు కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, ఆకు వెడల్పుగా అవుతుంది. చిన్న ఆకు, దగ్గర కణుపులు బోన్సాయ్‌కి ప్రాణం. ఏళ్ల తరబడి కత్తిరించి సాధించిన సన్నని కొమ్మల అల్లిక ఒక్క వసంతంలో పాడవుతుంది. లోపల భద్రంగా ఉంచామని సంతోషించే యజమాని కళ్లముందే ఈ నష్టం జరుగుతుంది, చెట్టు బతికే ఉంటుంది కాబట్టి ఎవరికీ పట్టదు.

జపాన్‌లో ఈ పనికి నిలకడైన సంప్రదాయం ఉంది. చలికాలం చెట్లను దాచే చిన్న గూడును అక్కడ ‘మురో’ అంటారు. చాలా చోట్ల అది సగం నేలలోకి దిగి ఉండే నిర్మాణం, గాలి, గడ్డకట్టే చలి తగలకుండా ఉండటమే దాని పని. మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే ‘హిగాన్’ రోజుల చుట్టూ చెట్లను మురో నుంచి బయటికి తీస్తారు. వేడీ చలీ హిగాన్ దాకానే అని అక్కడి సామెత. మూడు రోజులు చలి, నాలుగు రోజులు వెచ్చదనం అనే అర్థమిచ్చే ‘సంకన్ షియోన్’ అన్న మాటనూ ఆ రోజుల గురించే వాడతారు. ఒక్కసారిగా బయట పెట్టేయకుండా, ముందు మురో తలుపులు పగలు తెరిచి ఉంచి, గాలి తగలనిచ్చి, కొన్ని రోజుల తర్వాత బల్లల మీదికి చేరుస్తారు. వసంతారంభపు పంచాంగ దినం నుంచి ఎనభై ఎనిమిదో రాత్రి, అంటే మే 2 ప్రాంతంలో, చివరి మంచు వీడ్కోలు తీసుకుంటుందని టీ తోటల రైతులు లెక్కవేస్తారు. 1923 నాటి కాంతో భూకంపం తర్వాత టోక్యో నుంచి తరలివచ్చిన నర్సరీలవారు 1925లో స్థాపించుకున్న ఓమియా బోన్సాయ్ గ్రామానికి ఈ లెక్క సరిపోతుంది. టోక్యో మైదానంలో చలి గట్టిదే గానీ బోస్టన్, షికాగోలంత కఠినం కాదు. జపనీస్ పుస్తకంలో రాసిన తేదీని మిన్నెసోటాలో పాటిస్తే చెట్టు పోతుంది.

జర్మనీ, ఆస్ట్రియాల్లో ఇలాంటి లెక్కే మే 11 నుంచి 15 దాకా వచ్చే ‘ఐస్‌హైలిగెన్’, మంచు సాధువుల రోజులు. మే 15న వచ్చే ‘చల్లని సోఫీ’ దాటేదాకా సున్నితమైన కుండీలను బయట పెట్టరు. 1582లో పోపు గ్రెగరీ పంచాంగం సవరించినప్పుడు రోజులు జరిగాయి కాబట్టి ఈ సామెతలు పుట్టిననాటి అసలు రోజులు ఇప్పటి లెక్కలో మే 20 తర్వాత పడతాయి. సంప్రదాయపు తేదీలు వాడుకోవచ్చు, కానీ అవి సున్నితమైన మొక్కల కోసం, అంటే ఫైకస్ వంటివాటి కోసం, పుట్టిన తేదీలు. లార్చ్‌ను మే 15 దాకా గరాజులో ఉంచితే దాన్ని చేతులారా చెడగొట్టినట్టే.

ఇప్పుడు చాలామంది నమ్ముకునేది వాతావరణ శాఖ చెప్పే ‘చివరి ఫ్రాస్ట్ తేదీ’. ఈ తేదీని తప్పుగా అర్థం చేసుకున్నందుకు పోయిన చెట్లు ఎన్నో. సగటు చివరి తేదీ ఏప్రిల్ 15 అంటే ఆ తర్వాత గడ్డకట్టదని అర్థం కాదు. ఇంచుమించు రెండేళ్లలో ఒక ఏడాది ఆ తేదీ తర్వాత కూడా గడ్డకడుతుంది. అమెరికా వాతావరణ సంస్థ నోవా ఇచ్చే పట్టికల్లో సగటుతో పాటు పదేళ్లలో ఒక్కసారి మాత్రమే దాటే తేదీ కూడా ఉంటుంది. ఆకు విప్పిన చెట్టుకు, అప్పుడే వేళ్లు కత్తిరించిన చెట్టుకు చూడాల్సింది ఆ రెండో తేదీ. మొగ్గ బిగిసిన చెట్టుకు ఈ రెండూ అక్కర్లేదు. అలాగే 2023లో కొత్తగా విడుదలైన అమెరికా వ్యవసాయ శాఖ మండలాల పటం చెప్పేది ఏడాదిలోకెల్లా అతి చల్లని రాత్రి సగటు ఎంతో మాత్రమే. చెట్టు ఆ ప్రాంతంలో బతుకుతుందా అన్న ప్రశ్నకు అది జవాబిస్తుంది, ఎప్పుడు బయట పెట్టాలన్న ప్రశ్నకు ఇవ్వదు.

భూమి వేడెక్కుతున్నందుకు ఈ కష్టం తగ్గుతుందని అనుకోవడం సహజం. జరుగుతున్నది దానికి భిన్నంగా ఉంది. 2007 మార్చిలో అమెరికా తూర్పు సగమంతా అసాధారణంగా వెచ్చబడింది, చెట్లు ముందే చిగురించాయి. ఏప్రిల్ 4 నుంచి 10 దాకా ఉత్తర ధ్రువపు గాలి దిగివచ్చింది. పండ్ల తోటలు, గోధుమ, అడవుల చిగురు నల్లబడ్డాయి, నష్టం రెండు వందల కోట్ల డాలర్లు దాటింది. వెచ్చబడుతున్న లోకంలో చలి నష్టం ఎందుకు పెరగవచ్చన్న చర్చకు ఆ సంఘటనే కేంద్రమైంది. 2021 మార్చి 26న క్యోటోలో సకురా పూర్తిగా విచ్చుకుంది, పన్నెండు వందల ఏళ్ల నమోదుల్లో అప్పటికి అంత ముందు ఎన్నడూ లేదు. అదే ఏడు ఏప్రిల్ మొదట్లో ఫ్రాన్స్ ద్రాక్షతోటల రైతులు చిగుళ్లను కాపాడుకోవడానికి రాత్రంతా తోటల్లో మంటలు వెలిగించారు. 2023 మే 18 తెల్లవారుజామున న్యూయార్క్, వెర్మాంట్ ఆపిల్, ద్రాక్ష తోటలు గడ్డకట్టాయి. ఆ ప్రాంతంలోనే ఎందరో బోన్సాయ్ యజమానులు అప్పటికి చలికాలపు గుడ్డలు మడిచి దాచేసి ఉంటారు. కొన్ని ప్రాంతాల్లో చివరి మంచు పెద్దగా ముందుకు జరగకపోయినా చిగురు ముందుకు జరుగుతోంది, అక్కడ మధ్యనున్న ప్రమాదపు రోజులు పెరుగుతున్నాయి. తాతలనాటి తేదీలు నమ్మకం కోల్పోతున్నది ఇందువల్లే.

వాతావరణ సూచన చూసేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. ఫోనులో కనిపించే ఉష్ణోగ్రత నేలకు ఇంచుమించు రెండు మీటర్ల ఎత్తున, నీడలో కొలిచినది. మబ్బులేని, గాలిలేని రాత్రి ఆకులు తమ వేడిని నేరుగా ఆకాశంలోకి పంపేస్తాయి. గాలి మూడు డిగ్రీలు చూపిస్తున్నా ఆకు సున్నాకు దిగుతుంది. లంబసింగి వైపు శీతాకాలపు తెల్లవారుజామున గడ్డి మీద తెల్లగా మంచు పేరుకునేది ఇలాంటి రాత్రులలోనే. కాబట్టి సూచనలో నాలుగు డిగ్రీలు కనిపించి, ఆకాశం నిర్మలంగా, గాలి స్తంభించి ఉంటే చిగురించిన చెట్టుకు రక్షణ కావాలి. మబ్బు పట్టి గాలి వీస్తుంటే అదే నాలుగు డిగ్రీలతో భయం లేదు. వాలు దిగువన చల్లగాలి చేరుకుంటుంది కనుక అక్కడ ఇంకా దిగుతుంది. దక్షిణం వైపు గోడను ఆనుకుని ఉన్న చోటు పగటి వేడిని పట్టి రాత్రి విడుస్తుంది.

రక్షణ అంటే పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. కుండీలను బల్ల మీంచి నేలకు దించి, దగ్గర దగ్గరగా చేర్చి, మీద పలచని ఫ్రాస్ట్ గుడ్డ కప్పితే రెండు డిగ్రీల దాకా లాభం. గుడ్డ నేలదాకా రావాలి, లేకపోతే నేల వేడి లోపల నిలవదు. ప్లాస్టిక్ పట్టా ఆకును తాకిన చోట ఆకు గడ్డకడుతుంది, ఉదయం ఎండ పడితే లోపల ఉడికిపోతుంది. మట్టి పొడిగా ఉండకూడదు. తడి మట్టి పగటి వేడిని ఎక్కువగా పట్టి ఉంచుతుంది, గడ్డకట్టేటప్పుడు నీరు కొంత వేడిని వదులుతుంది కూడా. అంతమాత్రాన సాయంత్రం పూట కుండీ నిండా నీళ్లు నిలబెట్టాలని కాదు, పగలే పోసి కారనివ్వాలి. పొద్దున్నే కుండీ గడ్డకట్టి కనిపిస్తే గాభరాపడి ఇంట్లోకి తేవడం, వేడినీళ్లు పోయడం రెండూ చెట్టుకు హాని. నీడలో, గాలి తగలని చోట, దానంతట అది కరగాలి. వేళ్లు గడ్డకట్టి ఉండగా కొమ్మల మీద ఎండ, గాలి పడితే పైన నీరు ఆవిరైపోతుంది, కింది నుంచి అందదు. సూదాకుల చెట్లు వసంతంలో ఎండిపోయేది చలికన్నా ఈ దాహంతోనే.

కుండీ మాటకొస్తే, నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. జపాన్‌లోని తోకోనామెలో ఎక్కువ వేడి మీద కాల్చే బోన్సాయ్ కుండీలు నీరు పీల్చవు, మామూలు మంచును తట్టుకుంటాయి. తక్కువ వేడి మీద కాల్చిన మట్టి కుండీలు పీల్చుకుని పగులుతాయి. పైఅంచు లోపలికి వంగిన కుండీలో ఉబ్బిన మట్టికి పైకి లేచే దారి ఉండదు, అవి ముందు పగులుతాయి.

వసంతారంభంలోనే కుండీ మార్చి వేళ్లు కత్తిరిస్తారు. సరిగ్గా మొగ్గ ఉబ్బే సమయమే అందుకు మంచిది, వేళ్లు తిరిగి సాగే శక్తి అప్పుడే ఎక్కువ. చిక్కేమిటంటే కోసిన వేళ్ల గాయాలకు గడ్డకట్టే చలి తగలకూడదు. వేళ్లు కత్తిరించని పైన్ మైనస్ 5ను పట్టించుకోదు, నిన్న కత్తిరించిన పైన్ పట్టించుకుంటుంది. అందువల్ల ఒకే జాతి చెట్లు రెండుంటే, ఒకటి బయట బల్ల మీద, ఒకటి గాలి చొరని మూలలో ఉండాల్సి రావచ్చు. మంచు రాత్రులు ఇంకా చాలా మిగిలి ఉన్న ప్రాంతాల్లో కుండీ మార్చే పనిని రెండు మూడు వారాలు వెనక్కి జరపడం తెలివైన పని. దాన్ని కాపాడే చోటు ఉన్నవారికి ఆ నియమం అక్కర్లేదు.

బయటికి తేవడంలో క్రమం ఇలా స్థిరపడుతుంది. జునిపర్, పైన్, లార్చ్ ముందు. మొగ్గ బిగిసిన మేపుల్, ఎల్మ్ ఆ వెంటే. ముందే చిగురించిన చెట్లు, కుండీ మార్చిన చెట్లు ఆగాలి. చలి తట్టుకునే చెట్లకు కూడా మొదటి వారం నేరుగా గాలి కొట్టని చోటు కావాలి. నెలల తరబడి కదలని గాలిలో ఉన్న సూదాకులు మార్చి గాలికి ఒక్కసారిగా ఆరిపోతాయి. కుండీని బల్లకు తీగతో కట్టడం కూడా అవసరమే. చెట్టు పైభారంతో ఉండి కుండీ తేలికైనప్పుడు గాలి ఒక్క తోపుతో పడేస్తుంది, వందేళ్ల కొమ్మ విరిగితే అతికేది కాదు.

వాషింగ్టన్‌లోని నేషనల్ బోన్సాయ్ మ్యూజియంలో ఉన్న యమాకి పైన్‌ను తలుచుకుంటే ఈ జాగ్రత్తల బరువు తెలుస్తుంది. అది 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో బాంబు పడినప్పుడు అది యమాకి కుటుంబం ఇంట్లో గోడ చాటున ఉంది. 1976 నాటి అమెరికా ద్విశతాబ్ది సందర్భంగా జపాన్ ఇచ్చిన 53 చెట్లలో ఒకటిగా వచ్చింది. 2001లో ఆ కుటుంబపు మనవళ్లు చూడటానికి వచ్చినప్పుడు గానీ దాని హిరోషిమా కథ మ్యూజియంవారికి తెలియలేదు. ఇంతటి చెట్టుకు కూడా వసంతం ఏటా కొత్త పరీక్షే. నాలుగు వందల వసంతాల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు ఆకాశం వైపు చూసి సరైన నిర్ణయం తీసుకున్నారు.

ఉష్ణమండలపు చెట్లకు పై వాదన తలకిందులవుతుంది. ఫైకస్, కార్మోనా, కరివేపాకు తొందరపడి బయటికి వస్తే నష్టమే. రాత్రులు వరుసగా పన్నెండు డిగ్రీలకు పైన నిలిచేదాకా ఆగాలి. న్యూజెర్సీలో అది చాలా ఏళ్లు మే రెండో సగంలో వస్తుంది, డాలస్‌లో ఏప్రిల్‌లోనే. వీటికి చలితో పాటు ఎండా ప్రమాదమే. ఆరుబయట మిట్టమధ్యాహ్నపు వెలుగు లక్ష లక్స్ దాకా ఉంటుంది, ఇంట్లో కిటికీ పక్కన చాలాసార్లు కొన్ని వేలే. పైగా కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాలలో తీవ్రమైన భాగాన్ని ఆపేస్తుంది. ఇంట్లో పుట్టిన ఆకు ఆ వెలుగుకు తగ్గట్టు పలచగా తయారవుతుంది, ఒక్క మధ్యాహ్నపు ఎండలో తెల్లబడి కాలిపోతుంది. కాలిన ఆకు కోలుకోదు, రాలిపోతుంది. మబ్బు పట్టిన రోజు చూసి, చెట్టునీడలోనో ఉత్తరం వసారాలోనో వారం ఉంచి, తర్వాత ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట ఇంకో వారం ఉంచి, అప్పుడు పూర్తి వెలుగులోకి తేవాలి. ఫైకస్ ఇంతచేసినా కొన్ని ఆకులు రాల్చవచ్చు, కొత్తవి బయటి వెలుగుకు తగ్గట్టే వస్తాయి. కరివేపాకు చలికాలంలో ఆకంతా రాల్చి కర్రలా మిగిలితే పారేయకూడదు. బెరడు గోకి చూస్తే కింద పచ్చగా ఉంటే బతికే ఉంది, వెచ్చబడ్డాక మొదట్లోంచి చిగురిస్తుంది. ఆకు లేని చెట్టు పెద్దగా నీరు తాగదు కనుక అప్పటిదాకా నీళ్లు తగ్గించాలి.

ఇన్ని చేసినా ఏదో ఒక ఏప్రిల్ రాత్రి చిగురు కాలుతుంది. అప్పుడు మేపుల్ యజమాని చేసే మొదటి పని కత్తెర తీసుకోవడం, రెండోది ఎరువు వేయడం. రెండూ వెంటనే వద్దు. నల్లబడిన చిగురు కింద నిద్రమొగ్గలు ఉంటాయి, చెట్టు తన నిల్వలతో మరో విడత ఆకు వేస్తుంది. అందుకు మూడు నాలుగు వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. అప్పటిదాకా మట్టిని తడిగా మాత్రమే, ముద్దగా కాకుండా ఉంచి, గాలి చాటున, మెత్తని వెలుగులో పెట్టాలి. ఎక్కడిదాకా చచ్చిందో కొత్త చిగురే చూపిస్తుంది, అక్కడికే కత్తిరించాలి. రెండో విడత ఆకు గట్టిపడ్డాక పలచని ఎరువు మొదలుపెట్టవచ్చు. ఆ ఏడాది ఇక ఆకు తుంచడం, తీగ చుట్టి వంచడం, కుండీ మార్చడం మానుకోవాలి. రెండుసార్లు ఆకు వేసిన చెట్టు దగ్గర మూడోసారికి నిల్వ ఉండదు.